అప్పీలుకు గడువు: తీర్పు చదివిన రోజు నుంచే లెక్క

(చెన్నై టి. నగర్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం సీనియర్ న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మాత్రం మార్చలేదు.)

పెద్దలకు నమస్కారం. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఆస్తి తగాదాల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆస్తి తగాదాలంటే రేపు తెల్లవారేదాకా చెప్పుకోవచ్చు. పైగా ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆ విషయం నాకన్నా బాగా తెలుసు, డబ్బు పెట్టి నేర్చుకున్నారు కాబట్టి. అందుకని ఒక్క సంగతే ఎత్తుకుంటాను. కేసు ఓడిపోయాక పైకోర్టుకు వెళ్లడానికి ఎన్ని రోజులుంటాయి? ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్క? అవి దాటిపోతే ఏమవుతుంది? ఈ మూడే.

ముందు ఒక కేసు చెబుతాను. మన చెన్నైకి కృష్ణా నీళ్లు వస్తాయి కదా, శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా పూండికి. తెలుగుగంగ. ఆ ప్రాజెక్టు కోసం ఆంధ్రలో కొందరు రైతుల భూములు తీసుకున్నారు. ఇచ్చిన పరిహారం చాలదని రైతులు కోర్టుకెళ్లారు. 1999లో కోర్టు వాళ్ల కోరికను కొట్టేసింది. సరే, ఓడిపోయారు. హైకోర్టుకు వెళ్లాలి. 90 రోజుల గడువుంది. రైతుల్లో ఒకాయన అప్పటికే చనిపోయాడు. ఆయన వారసులు అప్పీలు వేసింది ఎప్పుడు? 2015లో. ఆలస్యం ఎన్ని రోజులు? 5659 రోజులు. మళ్లీ చెబుతున్నాను, 5659. పదిహేనేళ్లు దాటిపోయాయి.

హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 ఏప్రిల్‌లో అక్కడా ఒప్పుకోలేదు. ఆ భూమికి సర్కారు న్యాయమైన ధర కట్టిందా, తక్కువ కట్టిందా? ఆ ప్రశ్న దాకా పైకోర్టులు వెళ్లనే లేదు. తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇలాంటివాళ్లకు మీరు కేసులో తప్పు చేశారని ఎవరూ చెప్పరు. మీ మాట వినే వేళ దాటిపోయిందంటారు. నన్నడిగితే ఓడిపోవడం కన్నా అదే ఎక్కువ బాధ.

ఇది కోర్టువాళ్ల మొండితనం అనుకోకండి. చట్టమే అలా ఉంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం, అంటే గడువుల చట్టం, 3వ సెక్షన్. గడువు దాటి వచ్చిన అప్పీలును కోర్టు కొట్టివేయాలి. ఎదుటి పక్షం ఆ మాట ఎత్తకపోయినా సరే, కోర్టు తనంతట తాను చూసి కొట్టివేయాలి. అంటే ఎదుటివాడు మంచివాడు, పోనీలే అని ఊరుకున్నాడనుకోండి, అప్పుడు కూడా అది మిమ్మల్ని కాపాడదు. చాలామంది నా దగ్గరికి వచ్చి, "మా అన్నయ్య అభ్యంతరం చెప్పనన్నాడండీ" అంటారు. మీ అన్నయ్య చెప్పకపోతే ఏమిటి? జడ్జిగారు చెబుతారు.

ఎన్ని రోజులు, ఎప్పటి నుంచి

సివిల్ కేసులకు గుర్తు పెట్టుకోవాల్సినవి రెండే రెండు అంకెలు. హైకోర్టుకు వెళ్లే అప్పీలైతే 90 రోజులు. హైకోర్టు కాని ఇతర కోర్టుకు వెళ్లే అప్పీలైతే 30 రోజులు. మీలో చాలామందికి నెల్లూరులోనో, చిత్తూరులోనో, ఒంగోలులోనో పొలాలున్నాయి. కేసులు అక్కడ నడుస్తుంటాయి, మీరు ఇక్కడుంటారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడిపోతే అప్పీలు ఆ జిల్లాలోనే పైకోర్టుకు వెళ్తుంది, 30 రోజులే. అక్కడ కూడా ఓడిపోతే రెండో అప్పీలుకు అమరావతి హైకోర్టుకు వెళ్తారు, దానికి 90. ఇప్పుడు ఆలోచించండి. ఎక్కువ దెబ్బ ఎక్కడ తగులుతుంది? మొదటి మెట్టు దగ్గరే. అక్కడున్నది నెల రోజులే కాబట్టి.

ఒక చిన్న చరిత్ర, అడ్డమొచ్చింది కాబట్టి చెబుతాను. 1954 దాకా మన నెల్లూరు వాళ్లయినా, గుంటూరు వాళ్లయినా హైకోర్టు అంటే ఇదే, పారిస్ కార్నర్ పక్కనున్న ఈ ఎర్ర భవనమే. ఆ ఏడాది గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టారు. అంతకుముందు మన తాతలు అప్పీలు కాగితాల మూట పట్టుకుని రైల్లో వచ్చి ఇక్కడ దిగేవాళ్లు. అప్పుడు కూడా గడువుండేది. అప్పుడు కూడా దాటబెట్టుకునేవాళ్లుండేవాళ్లు. నేను పాత తీర్పులు చదువుతుంటే మన ఊళ్ల పేర్లు కనిపిస్తుంటాయి, ముచ్చటేస్తుంది.

చెన్నైలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ హైకోర్టు పెద్ద మొత్తాల సివిల్ దావాలను నేరుగా కూడా వింటుంది. ఒక్క జడ్జిగారు తీర్పిస్తారు. దాని మీద అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల బెంచికి వెళ్లాలి. హైకోర్టే కదా, 90 రోజులుంటాయిలే అనుకుంటారు. కాదు, 30 రోజులు. వ్యాపార తగాదా అయి, కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తే 60 రోజులు. చూశారా, ఒకే భవనంలో మూడు లెక్కలు.

క్రిమినల్ కేసుల్లో శిక్ష పడినవాళ్లకు హైకోర్టుకైతే 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. ఉరిశిక్షకు మాత్రం 30.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ 30, ఈ 90, ఎప్పటి నుంచి? తీర్పు కాపీ మీ చేతికి వచ్చిన రోజు నుంచా? మీ వకీలు ఫోను చేసి చెప్పిన రోజు నుంచా? వెబ్‌సైటులో పెట్టిన రోజు నుంచా? చెప్పండి. ఆ వెనక తమ్ముడు కాపీ వచ్చిన రోజు నుంచి అంటున్నాడు. నూటికి తొంభై మంది అదే అంటారు. కాదు నాన్నా. తీర్పు తేదీ నుంచే. కోర్టు హాల్లో జడ్జిగారు తీర్పు చదివారే, ఆ రోజు నుంచి. ఆ ఒక్క రోజును వదిలేసి, మర్నాటి నుంచి లెక్క. మీరు ఆ రోజు కోర్టులో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మరి కాపీ లేకుండా అప్పీలు ఎలా వేస్తాం? న్యాయమైన ప్రశ్న. అందుకే చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది, 12వ సెక్షన్. కోర్టు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కోసం మీరు దరఖాస్తు చేసిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా కోర్టు ఆఫీసు తీసుకున్న కాలాన్ని మీ గడువులోంచి తీసేస్తారు. కానీ ఎవరికి? దరఖాస్తు చేసినవాడికి. కాపీ కావాలని అడగనివాడికి కలిసొచ్చేది ఒక్క రోజు కూడా లేదు.

ఉదాహరణ చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. జూన్ 3న తీర్పు. 30 రోజుల గడువు. జూన్ 4 మొదటి రోజు అయితే, జూలై 3తో 30 రోజులు పూర్తి. ఒకాయన జూన్ 5న కాపీ అప్లికేషన్ వేశాడు. జూన్ 20న కాపీ సిద్ధమైంది. జూన్ 5 నుంచి 20 దాకా రెండు వైపులా కలిపితే 16 రోజులు. అవి కలిసొస్తాయి. ఆయనకు ఆఖరు రోజు జూలై 19. ఇంకొకాయన తీరిగ్గా జూలై 10న కాపీ అప్లికేషన్ వేశాడు. ఆయన గడువు జూలై 3నే ముగిసింది. కాపీ మర్నాడే వచ్చినా, నెలకొచ్చినా ఆయనకు కలిసొచ్చేది సున్నా. ఇద్దరి కేసూ ఒకటే, ఇద్దరి తీర్పూ ఒకటే. ఒకాయన లోపలున్నాడు, ఇంకొకాయన బయటున్నాడు. తేడా ఎక్కడ? ఒక దరఖాస్తు దగ్గర.

ఆ కాపీ చేతికి వచ్చాక మనవాళ్లు తీర్పు చదువుతారు. నేను మాత్రం ముందు చివరి పేజీ తిప్పుతాను. అక్కడ ఒక రబ్బరు స్టాంపు ఉంటుంది, కాస్త అలుక్కుపోయి ఉంటుంది. అందులో గీతలు, గీతల మీద పెన్నుతో తేదీలు. దరఖాస్తు చేసిన తేదీ. చార్జీలు కట్టమన్న తేదీ. కట్టిన తేదీ. కాపీ సిద్ధమైన తేదీ. ఇచ్చిన తేదీ. ఈ అయిదు తేదీలు చూసి నేను మీ అప్పీలు బతికుందో లేదో చెప్పేస్తాను, తీర్పులో ఏముందో చదవకుండానే. గమనించండి, కలిసొచ్చేది "సిద్ధమైన" తేదీ దాకానే, "ఇచ్చిన" తేదీ దాకా కాదు. కాపీ సిద్ధంగా ఉండి, మీరు పది రోజులు వెళ్లి తెచ్చుకోలేదనుకోండి, ఆ పది రోజులూ మీ గడువులోంచే పోతాయి. చార్జీలు కట్టమని అడిగినా కట్టకుండా కూర్చున్న రోజులూ మీ ఖాతాలోకే.

ఒక పెద్దాయన వచ్చారు నా దగ్గరికి. కావలి వైపు ఆయన, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. పాలిథీన్ కవర్లో కాగితాలన్నీ పొందిగ్గా పెట్టుకున్నారు, పట్టాదారు పాసుపుస్తకం, శిస్తు రసీదులు, అన్నీ. కేసు మంచి కేసు. సాక్ష్యం బాగుంది. కింది కోర్టు ఒక దస్తావేజును సరిగ్గా చూడలేదని నాకు చదవగానే తెలిసింది. సంతోషించాను. చివరి పేజీ తిప్పాను. తీర్పు వచ్చిన ఏడు నెలలకు కాపీకి దరఖాస్తు పడింది. "ఎందుకండీ ఇన్నాళ్లు ఆగారు?" అంటే, "మా వకీలు చెబుతారులే అనుకున్నానండీ" అన్నారు. ఆ వకీలును అడిగితే, పార్టీ వస్తే వేద్దామనుకున్నానన్నాడు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు. మధ్యలో ఏడు నెలలు పోయాయి.

వెబ్‌సైటులో ఉంది కదా అని మీరంటారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఇచ్చే సి.ఎన్.ఆర్. నంబరు కొడితే కేసు ఎక్కడుందో కనిపిస్తుంది, మంచిదే, అందరూ ఆ నంబరు ఫోనులో రాసి పెట్టుకోండి. కానీ వెబ్‌సైటులోంచి దించుకున్న తీర్పు సర్టిఫైడ్ కాపీ కాదు. ఇక్కడ చెన్నైలోనే జరిగిన సంగతి వినండి. కంపెనీల దివాలా వ్యవహారాలు చూసే ఎన్.సి.ఎల్.టి. చెన్నై బెంచి 2019 డిసెంబరు 31న ఒక ఆర్డరు చదివింది. వెబ్‌సైటులో ఆ ఆర్డరు కనిపించింది 2020 మార్చిలో. అప్పీలు వేసింది జూన్‌లో. దివాలా చట్టంలో గడువు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 15. అంతే. అప్పీలు వేసినాయన వాదన ఏమిటంటే, చట్టప్రకారం నాకు ఉచితంగా కాపీ ఇవ్వాలి, ఇవ్వలేదు, ఇచ్చేదాకా నా గడువు మొదలవదు అని. వినడానికి బాగానే ఉంది కదూ? 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆర్డరు చదివిన రోజు నుంచే గడువు నడుస్తుంది, కాపీ కోసం దరఖాస్తు చేయకుండా కూర్చున్నవారికి ఆ వెసులుబాటు రాదు అంది. కోవిడ్ కాలాన్ని మినహాయించారు కదా అంటారా? ఆ మినహాయింపు 2020 మార్చి 15 నుంచి మొదలైంది. ఈయన గడువు ఫిబ్రవరిలోనే చచ్చిపోయింది.

కోవిడ్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కల్లోంచి తీసేయమని సుప్రీంకోర్టు తనంతట తానే ఆదేశించింది. అలాంటిది మళ్లీ రాదు, రాకూడదు కూడా. దాని గురించి ఇంక అడగకండి.

ఆలస్యం మాఫీ: హక్కు కాదు

గడువు దాటిపోయింది. ఇప్పుడేమిటి? అదే లిమిటేషన్ చట్టంలో 5వ సెక్షన్ ఉంది. తగిన కారణం చూపిస్తే కోర్టు ఆలస్యాన్ని మన్నించవచ్చు. "మన్నించవచ్చు" అంది చట్టం, "మన్నించాలి" అనలేదు. ఇంకొకటి, ఈ సెక్షన్ అప్పీళ్లకు, పిటిషన్లకే. అసలు దావానే గడువు దాటి వేస్తే ఈ సెక్షన్ పనికిరాదు.

ఆలస్యానికి కారణం చెబుతూ ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్లో ఏం రాస్తారు మనవాళ్లు? నవ్వకండి, ఇది నిజం. మన తెలుగువాళ్ల అఫిడవిట్లలో మనిషికి వచ్చే జబ్బు ఒక్కటే. పచ్చకామెర్లు! అప్పీలు గడువు పూర్తయ్యే వారం ముందు వస్తాయి, నాటుమందు తీసుకుంటారు, వకీలు దగ్గరికి వెళ్లే రోజుకు తగ్గిపోతాయి. జడ్జిగారు ఆ పేరా చదువుతూ కళ్లద్దాల మీదుగా చూస్తారు. ఆ చూపులోనే తీర్పు ఉంటుంది. నిజంగా కామెర్లు వచ్చినవాడు కూడా మునిగిపోతాడు, అదీ దీనివల్ల జరిగే అన్యాయం. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి. తల్లి ఆసుపత్రిలో ఉంటే ఆ ఆసుపత్రి కాగితం పెట్టండి. వకీలు చనిపోతే అదే రాయండి. ఏ తేదీన ఏమైందో రాయండి. మధ్యలో రెండు నెలలు ఖాళీ వదిలేసి, "ఇతర కారణాల వల్ల" అని రాస్తే ఆ రెండు నెలల దగ్గరే కోర్టు వేలు పెడుతుంది.

కోర్టులు ఎంత ఉదారంగా ఉంటాయి? ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలంటే, రెండు రకాలుగానూ ఉన్నాయి. ఉదారంగా ఉండాలన్న మాట మొదట గట్టిగా చెప్పినవాటిలో మన మద్రాసు హైకోర్టు ఒకటి, 1890 నాటి తీర్పు, ఐ.ఎల్.ఆర్. అనే తీర్పుల సంపుటాల్లో 13వ మద్రాసు సంపుటిలో ఉంది. తగిన కారణం అనే మాటను పెద్ద మనసుతో చూడాలి, అయితే ఆ మనిషిలో నిర్లక్ష్యం, ఊరికే కూర్చోవడం, దురుద్దేశం లేనప్పుడే అంది. సుప్రీంకోర్టు దాన్ని ఎన్నోసార్లు ఎత్తి చెప్పింది. 1987లో అనంత్‌నాగ్ భూసేకరణ కేసు. నాలుగు రోజుల ఆలస్యం. కింది వాళ్లు మన్నించలేదు. సుప్రీంకోర్టు మన్నించింది. ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ చెప్పాలంటున్నారే, మరి ప్రతి గంటకూ, ప్రతి సెకనుకూ ఎందుకు అడగరు, మరీ అంత ఛాందసం తగదు అనే అర్థంలో చెప్పింది. 1998లో మన తమిళనాడు నుంచే వెళ్లిన ఒక కేసులో 883 రోజుల ఆలస్యాన్ని మన్నించింది. వకీలు పట్టించుకోలేదు, ఆలస్యంగా వచ్చిన మనిషి ఆ వకీలు మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లి పరిహారం కూడా రాబట్టుకున్నాడు. ఎన్ని రోజులన్నది కాదు, చెప్పిన కారణం నమ్మేలా ఉందా లేదా అన్నదే ముఖ్యం అంది కోర్టు. ఆ ఫోరం దారి మాత్రం ఇప్పుడు మూసుకుపోయింది. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. నేనూ వకీలునే కాబట్టి దీని మీద నా అభిప్రాయం అడగకండి.

ఇది ఒక వైపు. రెండో వైపు చూడండి. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చింది. ఫైలు ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిరిగింది, అందుకే ఆలస్యం అన్నారు. ప్రభుత్వమైనా, మామూలు మనిషైనా గడువు ఒకటే, కొట్టేశాం అంది సుప్రీంకోర్టు. 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల ఆలస్యంతో వస్తే 25,000 రూపాయలు జరిమానా వేసి, దాన్ని బాధ్యులైన అధికారుల దగ్గర వసూలు చేయమంది. పైకోర్టు కూడా కొట్టేసింది, మేమేం చేస్తాం అని చేతులు దులుపుకోవడానికే ఇలాంటి కేసులు వేస్తున్నారని కోప్పడింది. పేరు కూడా పెట్టింది, సర్టిఫికెట్ కేసులు అని.

ఈ గాలి మారిందని నాకనిపిస్తోంది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో వంద రోజుల ఆలస్యం అంటే కొంచెం ఖర్చులు కట్టించి లోపలికి పంపేవాళ్లు. ఇప్పుడు అడుగుతున్నారు, గట్టిగా అడుగుతున్నారు. మంచిదేనా? మంచిదే అంటాను నేను. మీకు కోపం రావచ్చు. కానీ గెలిచినవాళ్ల వైపు నుంచి ఒక్కసారి చూడండి. పుట్టింటి ఆస్తిలో వాటా కోసం పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగి, గెలిచి, ఆ డబ్బుతో కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లి ఉంటుంది. మూడేళ్ల తర్వాత తమ్ముడొచ్చి నాకు పచ్చకామెర్లు అంటే? ఆమెకు ఏం చెబుతాం? తీర్పు అంటే ఎక్కడో ఒక చోట ఆగాలి కదా.

ఇంకో ముఖ్యమైన మాట, దీన్ని చాలామంది వకీళ్లు కూడా పార్టీలకు చెప్పరు. అప్పీలు వేసినంత మాత్రాన కింది కోర్టు డిక్రీ, అంటే తీర్పు ప్రకారం ఇచ్చిన ఆదేశం, అమలు కాకుండా ఆగిపోదు. దాన్ని ఆపే స్టే విడిగా తెచ్చుకోవాలి. గడువు దాటిన అప్పీలైతే, ఆలస్యం పిటిషన్ మీద తేలి అప్పీలు వినడానికి కోర్టు ఒప్పుకునేదాకా స్టే ఇవ్వకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 41, రూల్ 3-ఎ. అంటే మీ ఆలస్యం పిటిషన్ వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే, అవతల ఎదుటివాడు తీర్పు అమలు చేయమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసుకుని, కోర్టు అమీనాను తీసుకుని మీ ఇంటికొస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఒక్క రోజు కూడా పెంచనివి

ఇప్పటిదాకా చెప్పింది కొంచెం సందున్న తలుపుల గురించి. అసలు సందే లేనివి ఉన్నాయి. ఇక్కడ సౌకార్‌పేటలో వ్యాపారం చేసేవాళ్లున్నారు కదా, మీరు జాగ్రత్తగా వినండి.

జీఎస్టీ ఆర్డరు మీద అప్పీలుకు ఆర్డరు అందిన నాటి నుంచి మూడు నెలలు. కారణం చూపిస్తే ఇంకో నెల. ఆ తర్వాత అప్పీలు అధికారికి మన్నించే అధికారమే లేదు. మీ కారణం ఎంత గొప్పదైనా సరే. ఆ ఆర్డరు కూడా పోర్టల్‌లో పెట్టేస్తారు, మీ అకౌంటెంటు ఆ పేజీ తెరిచి చూడడు. ఆర్డరు వచ్చిందనే తెలియలేదని మద్రాసు హైకోర్టుకు పరిగెత్తిన వర్తకులు ఎంతమందో! కొందరికి ఊరట దొరికింది. దొరుకుతుందని మాత్రం లెక్కలు వేసుకోకండి. ఎందుకంటే కాకినాడ కేసుంది.

కాకినాడ వాణిజ్య పన్నుల ఆఫీసుకూ, గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ కంపెనీకీ మధ్య వ్యవహారం. ఆంధ్ర వ్యాట్ చట్టంలో అప్పీలుకు 30 రోజులు, మన్నింపుకు ఇంకో 30. కంపెనీ రెండూ దాటేసింది. అప్పీలు పోయింది. హైకోర్టులో రిట్, అంటే రాజ్యాంగం కింద నేరుగా వేసే పిటిషన్, వేసింది, హైకోర్టు దయతలచింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. చట్టమే ఆఖరు హద్దు గీసినప్పుడు, ఆ హద్దు దాటినవాడి కోసం రిట్ దారిలో ఆ హద్దును చెరపడం కుదరదంది. అంత పెద్ద కంపెనీ, అంతమంది వకీళ్లు. అయినా దాటేసింది, అయినా బయటే నిలబడింది. మన కిరాణా కొట్టు మాట చెప్పాలా?

ఆర్బిట్రేషన్ అవార్డును, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చిన తీర్పును, కొట్టేయించాలంటే మూడు నెలలు, ఆపైన 30 రోజులు, "ఆ తర్వాత మాత్రం కాదు" అని చట్టంలోనే రాశారు. ఫైనాన్స్ కాగితాల మీద చూడకుండా సంతకం పెడతారు, అందులో ఆర్బిట్రేషన్ షరతు ఉంటుంది, జాగ్రత్త. కోర్టు సెలవులు కూడా ఇక్కడ కాపాడవు. మామూలుగా ఆఖరు రోజు కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజు వేసుకోవచ్చు, అది లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్. కానీ ఆ అదనపు 30 రోజులు వేసవి సెలవుల్లో ముగిస్తే? తెరిచిన రోజే వేశారు పాపం ఒకరు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కుదరదంది. సెలవుల వెసులుబాటు అసలు గడువుకే తప్ప అదనపు రోజులకు కాదట. ఈ తీర్పు మరీ కఠినంగా ఉందని నా అభిప్రాయం. అభిప్రాయం అభిప్రాయమే, తీర్పు తీర్పే.

వినియోగదారుల జిల్లా కమిషన్ మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజులు, ఓడిపోయినవాళ్లు వేసేటప్పుడు కట్టమన్న డబ్బులో సగం జమ చేయాలి. బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రెరా అయితే 60 రోజులు, అక్కడ ఆర్డరు కాపీ అందిన రోజు నుంచి లెక్క. యాక్సిడెంటు క్లెయిమ్ తీర్పు మీద హైకోర్టుకు 90. వీటిలో ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది. అయినా మీ దగ్గరున్న ఆర్డరు ఏ చట్టం కిందదో ముందు చూసుకోండి. ఒక చట్టం గడువును ఇంకో చట్టానికి అతికించుకుని మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మీ ప్రశ్నలు. అమ్మా, మీరడగండి. నోటీసే రాలేదు, తెలియకుండా డిక్రీ అయిపోయింది అంటున్నారు. ఎక్స్‌పార్టీ డిక్రీ అన్నమాట. దాన్ని రద్దు చేయమని అదే కోర్టులో పిటిషన్ వేయాలి, 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకపోతే మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. అయితే ఒకటి, పోస్ట్‌మ్యాన్ కవరు తెస్తే "మేం తీసుకోం" అని వెనక్కి పంపారా? పంపితే మాత్రం అందినట్టే లెక్క. కోర్టు కవరు తీసుకోకపోతే కేసు పోతుందనుకునే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. తీసుకోండమ్మా. సంతకం పెట్టి తీసుకోండి.

బాబూ, నువ్వు అడిగింది బాగుంది. తీర్పు వచ్చాక అప్పీలు వేద్దామా వద్దా అని ఇంట్లో తేలకపోతే? తేలకపోయినా కాపీ అప్లికేషన్ మర్నాడే వేసేయండి. ఆ ఖర్చు ఎంతని? కొన్ని రూపాయలు. తర్వాత అప్పీలు వద్దనుకుంటే కాగితం బీరువాలో పడి ఉంటుంది. ఊళ్లో కేసు, మీరిక్కడ ఉన్నారంటే, అక్కడి వకీలుకు ఆ రోజే ఫోను చేసి, కాపీకి వేయండి అని చెప్పి, ఆ మాట మెసేజీగా కూడా పంపండి. వేశాక అప్లికేషన్ నంబరు అడిగి తీసుకోండి. నంబరు చెప్పలేదంటే వేయలేదని అర్థం.

చివరిగా ఆ పెద్దావిడ అడుగుతున్నారు, మనవడు జైల్లో ఉన్నాడు, వకీలును పెట్టుకునే స్తోమత లేదు అని. అమ్మా, జైల్లో ఉన్న మనిషి అప్పీలు కాగితం, తీర్పు కాపీ జైలు అధికారి చేతికి ఇస్తే చాలు, దాన్ని పైకోర్టుకు పంపే బాధ్యత ఆ అధికారిది. జైలు శిక్ష పడినవాళ్లకు తీర్పు కాపీ తీర్పు రోజునే ఉచితంగా ఇవ్వాలి, దానికి డబ్బు కట్టొద్దు. జైల్లో ఉన్నవాళ్లకు ఉచిత వకీలు హక్కు. ఆడవాళ్లకు కూడా ఆ హక్కుంది, ఆదాయంతో పని లేదు. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. శిక్ష ఏ కోర్టు వేసింది, ఏ తేదీన వేసింది? ఆ తేదీ తెలుసా మీకు? తెలియకపోతే ఇప్పుడే మీ అబ్బాయికి ఫోను చేసి కనుక్కోండి, నేను ఇక్కడే ఉంటాను.